మూట మీద చీర ముక్క

మా శ్రీకాకుళానికి దూరంగా, ఒడిశా అవతల టికియాపారాలో, మా పార్సిల్ ఆఫీసు కౌంటర్ వెనక పదకొండేళ్ళుగా కూర్చుంటున్నాను. అందులో పదేళ్ళు, ఎదుటి కంపెనీని తిట్టడమే నా ఉద్యోగంలో సగం. "వాళ్ళకిస్తే మూట చేరదు, చేరినా చినిగి చేరుతుంది" అని ఎంతమందికి చెప్పానో. నిజానికి వాళ్ళ గోడౌను గుమ్మం కూడా నేనెప్పుడూ చూడలేదు. మేము దాదా అని పిలిచే మేనేజరు చెప్పమన్నాడు, నేను చెప్పాను. తిట్టడంలో నాకు కొంచెం సరదా కూడా ఉండేది.

ఒక సోమవారం ఆ కంపెనీతోనే మాకు పొత్తు కుదిరిందన్నారు. ఒడిశా దాటి శ్రీకాకుళం వైపు పోయే సరుకంతా ఇకమీదట వాళ్ళ లారీల్లోనే. పలాసలో మా కౌంటర్ మూసేసి వాళ్ళ కౌంటర్లోనే మూటలిస్తారట. ఫోను పక్కన అంటించుకోమని దాదా నాకో కార్డు ఇచ్చాడు. ఎవరేమడిగినా అందులో ఉన్నదే చెప్పాలి. మొదటి మాట, "మీకేమీ మారదు." రెండోది, "నాలుగు రోజుల్లో చేరుతుంది." ఆఖరిది, "విచారిస్తున్నాం." ఏ తప్పు జరిగినా అంతకు మించి ఒప్పుకోకూడదు.

ఆ వారం నా పరువు గంగలో కలిసింది. ఏక్‌బాల్‌పూర్ నుంచి వచ్చే డాక్ కార్మికులు, అంటే ఓడరేవులో పనిచేసేవాళ్ళు, మా ఊళ్ళవాళ్ళే, ఊరికే వదులుతారా? "నిన్నటిదాకా దొంగలన్నావు, ఇయ్యాల సుట్టాలైపోనారేటి?" అన్నాడొకాయన. నేను కార్డు చూసి "మీకేమీ మారదు" అన్నాను. "నీకు మారింది కదే" అని నవ్వుతూ మూట తూకానికి పెట్టాడు. కోపం వచ్చింది. కానీ ఆయనన్నదాంట్లో అబద్ధమేముంది?

ఇక్కడ మావాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. పెద్దవాళ్ళలో చాలామందికి చదువు లేదు, కాగితం దాచుకునే అలవాటూ లేదు. అందుకని మూటని గోనెగుడ్డలో కుట్టి, పైన ఒక పాతబట్ట ముక్క కుడతారు. ఒకరిది లుంగీ, ఒకరిది పిల్ల గౌను. అదే బట్టలో మిగతాది ఊళ్ళో వాళ్ళ దగ్గర ఉంటుంది. అది పట్టుకెళ్తే, పలాస కౌంటర్లో మా మనిషి రెండూ పక్కపక్కన పెట్టి చూసి మూట ఇచ్చేసేవాడు. ఇన్నేళ్ళలో ఒక్క మూట కూడా తప్పుడు చేతికి పోలేదు.

అలా మూటలు పంపేవాళ్ళలో ఒకావిడని నేను పెద్దమ్మ అంటాను, ఆమె నన్ను, మావైపు ఆడపిల్లని పిలిచినట్టు, గుంటా అంటుంది. ఆమె భర్త డాక్‌లో పనిచేసి పోయాడు, ఇప్పుడు కొడుకు చేస్తున్నాడు. పెద్దమ్మ తల్లి చనిపోయినప్పుడు అక్కచెల్లెళ్ళిద్దరూ ఆవిడ నీలంచీర ఒకటి చించి చెరిసగం ఉంచుకున్నారట. ఈమె తన సగంలోంచి ఏటా అరచెయ్యంత ముక్క కత్తిరించి మూట మీద కుడుతుంది. పలాస పక్క పల్లెలో ఉండే చెల్లెలు తన సగం పట్టుకెళ్ళి మూట తెచ్చుకుంటుంది.

ఆ ఏడు చలి మొదలవక ముందే పెద్దమ్మ మూట తెచ్చింది. ఉన్ని శాలువా, రెండు నేతచీరలు, చెల్లెలి మోకాళ్ళకి నూనె. "ఆ కంపినీ అంటే నాకు బయ్యంగుంది గుంటా. పర్నేదేటి?" అంది.

"నీకేమీ మారదు పెద్దమ్మా" అన్నాను.

కొత్తగా వచ్చిన కంప్యూటర్ ఫారంలో, మూట తీసుకునేవారి ఫోను నంబరు వెయ్యకపోతే ముందుకు కదలదు. చెల్లెలికి ఫోను లేదు. వెనక జనం గొణుగుతున్నారు. పెద్దమ్మ నంబరే ఆ గడిలో కొట్టేశాను. గుడ్డముక్క ఉంది కదా, నంబరుతో పనేముంది అనుకున్నాను.

పనంతా దానితోనేనట. ఆ కంపెనీవాళ్ళు ప్రతి మూటనీ ప్లాస్టిక్ సంచిలో వేసి సీలు చేస్తారు, ఫోనుకొచ్చిన కోడ్ చెబితేనే ఇస్తారు. ఆ కోడ్ ఏక్‌బాల్‌పూర్‌లో పెద్దమ్మ ఫోనుకి వచ్చింది. ఆమెకి చదవడం రాదు, ఎవరికీ చూపించలేదు. అక్కడ చెల్లెలు అమ్మ చీర సగం పట్టుకుని మూడుసార్లు బస్సెక్కి పలాస వెళ్ళింది. మూడుసార్లూ కోడ్ అడిగి పంపేశారు. ఆమెకి అర్థమైంది ఒక్కటే, మూట రాలేదని. పక్కింటివాళ్ళ ఫోనులోంచి అక్కకి చేసి, "పంపని మూటకి నన్ను తిప్పావప్పా, అమ్మ సీర పట్టుకుని నలుగురిలో నవ్వులపాలైనాను" అంది. ఆ తర్వాత మాట్లాడటమే మానేసింది.

నెల తిరక్కుండానే మూట మా కౌంటర్‌కి వాపసొచ్చింది. సంచి కోసి చూస్తే, నీలంముక్క కుట్టింది కుట్టినట్టే ఉంది. ఫారం తీసి చూస్తే, గడిలో నేను కొట్టిన పెద్దమ్మ నంబరే ఉంది. పెద్దమ్మకి కబురు పెట్టాను.

ఆమె వచ్చి మూట తడిమి చూసుకుంది. "అది నాతోని మాటాడట్నేదు గుంటా. అమ్మ పోయిన కాడినుంచి ఇలాగెప్పుడూ నేదు" అంది. ఏడవలేదు. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

దాదా తన కుర్చీలోంచే కార్డు వైపు చూపించాడు. "విచారిస్తున్నాం" అన్న మాట నా నోటిదాకా వచ్చింది. విచారించడానికేముంది, ఆ నంబరు కొట్టింది నేనే కదా. సిగ్గేసింది. చెల్లెలి పక్కింటివాళ్ళ నంబరు అడిగి, కౌంటర్ ఫోనులోంచే చేసి ఆమెని పిలిపించాను.

"మూట మీ అప్ప పంపిందమ్మా. పలాస చేరింది కూడా. ఫారంలో తప్పు నంబరు వేసింది నేను. ఏమీ మారదని మీ అప్పకి చెప్పిందీ నేనే. ఆమె తప్పేమీ లేదు."

"అమ్మ సీర ముక్క ఉందేటి మూట మీద?" అంది చెల్లెలు.

"ఉంది. సంచి లోపల ఉండిపోయింది, అక్కడెవరూ చూడలేదు."

"అప్పకియ్యి."

ఫోను ఇచ్చి నేను అటు తిరిగి కాగితాలు సర్దుకున్నాను. ముందు ఇద్దరూ దెబ్బలాడుకున్నారు. తర్వాత నూనె ఏ కొట్లో కొన్నదీ పెద్దమ్మ చెప్పడం వినబడింది. దాదా లేచి టీ తాగడానికి బయటికెళ్ళాడు.

మూటకి మళ్ళీ ఫారం రాశాను, ఈసారి పక్కింటివాళ్ళ నంబరుతో. "ఎన్నాళ్ళకెళ్తాది?" అంది పెద్దమ్మ.

"నాలుగు రోజుల్లో" అన్నాను, అలవాటుగా.

ఆమె మూట మీంచి చెయ్యి తియ్యలేదు. "అది ఆ కార్డులో మాటేటి, నీ మాటేటి?"

"కార్డులో మాటే పెద్దమ్మా" అని ఒప్పుకున్నాను. "నా మాట కావాలంటే పలాసవాళ్ళని అడగాలి. సాయంత్రానికి గాని దొరకరు. రేపు రా, చెప్తాను."

"రేపేల" అంది. మూట తీసుకుని, గోడవారన బెంచీ మీద ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నువ్వడుగు. నానిక్కడే ఉంటాను."