మా వాడి పేరు మీద ఇవ్వబోయిన మాత్రలు

మా కుక్క పోయాక వాడి దుప్పటి, గిన్నె, గొలుసు మా ఫిల్మ్‌నగర్ వీధిలో కుక్కలకు అన్నం పెట్టే అమ్మాయికి ఇచ్చేశాను. పోయినవాళ్ల వస్తువులు వాళ్ల పేరు మీద మరొకరికి ఉపయోగపడాలన్నది మా ఇంటి పద్ధతి. మనిషైతేనేం, వాడైతేనేం? ఇక మిగిలింది మందుల డబ్బా. ముసలితనంలో వాడికి కీళ్ల నొప్పులకు వేసిన మాత్రలు. విప్పని స్ట్రిప్పులు కూడా ఉన్నాయి. చెత్తబుట్టలో వేయడానికి చెయ్యి రాలేదు.

అలాంటప్పుడు మా జాకెట్లు కుట్టే ఆవిడ యూసుఫ్‌గూడ నుంచి వచ్చింది. సినిమాల వాళ్లకూ కుడుతుంది. ఆవిడ పెంచుకునే పిల్లి గోడ మీంచి పడి కుంటుతోందట.

"మీ కుక్క గోలీలు ఉన్నయంటిరి గదమ్మా, జర ఇయ్యుండ్రి. సగం విరిచి పాలల్ల కలిపి తాపిస్త."

వాడి మందు ఇంకో ప్రాణికి పనికొస్తుందంటే నాకెంత తృప్తిగా అనిపించిందో. కాగితంలో పొట్లం కూడా కట్టాను. సగమా, పావా అన్నది మాత్రం కనుక్కుందామని, మా వాణ్ణి చివరిదాకా చూసిన డాక్టరమ్మకు ఫోన్ చేశాను.

"పావు కూడా వద్దండీ," అంది ఆమె. "కుక్కకు నొప్పి తగ్గించిన మాత్రే పిల్లి కిడ్నీలు పాడుచేయొచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. పిల్లిని ఇప్పుడే తీసుకురండి. ఆ మందులూ తెండి."

కారులో పిల్లి సంచిలోంచి తల బయటపెట్టి అరుస్తూనే ఉంది. "షూటింగుకు పోతున్న అనుకుంటున్నది," అంది కుట్టే ఆవిడ, కళ్లు తుడుచుకుంటూ.

డాక్టరమ్మ కాలు నెమ్మదిగా తడిమి చూసి, ఎముక విరగలేదు, బెణికిందంతే అంది. పిల్లులకు పనికొచ్చే మందే ఇచ్చింది. అప్పుడు నా పొట్లం అందించాను. "పోనీ, వీటిని చెరువులో కలిపేయనా?" అన్నాను.

"చేపలకు కీళ్ల నొప్పులు ఉండవు కదండీ," అంది నవ్వుతూ. వాటిని తన ఆసుపత్రిలో గడువు తీరిన మందులు వేసే పసుపు సంచిలో వేసింది. ఆసుపత్రి చెత్త కోసం వచ్చే బండి తీసుకెళ్లి కాల్చేస్తుందట. మీకు తెలీదా అన్నట్టు ఒక్క చూపైనా చూడలేదు. బయట కూర్చున్న వాళ్లకు కూడా, ఇంట్లో మిగిలిన మందులుంటే తెచ్చివ్వమని తనే వెళ్లి చెప్పింది. చదువుకు అంత ఓర్పు తోడైతే ఎంత అందమో అనిపించింది. ఆ సాయంత్రం దీపం పెడుతూ ఆమె చల్లగా ఉండాలని దణ్ణం పెట్టుకున్నాను.

తర్వాత జాకెట్లు తెచ్చినప్పుడు కుట్టే ఆవిడ అంది: "నిన్న మిషను మీదికి దుంకి దారమంత చిక్కు చేసింది. కాలు మంచిగైందని డాక్టరమ్మకు చెప్పుండ్రి. బుద్ధి మాత్రం గట్లనే ఉన్నది."

చెప్పాను. "దానికి మందు మా దగ్గర లేదండీ," అంది డాక్టరమ్మ.