రత్నాకర్ బ్యాండు మధ్యలో ఆగిన రోజు

నా గురించి నాలుగు మాటలు చెప్పకుండా నా మేనల్లుడి సంగతి చెప్పలేను. రేకుల కప్పు బడిలో చదివి, ఏడో తరగతి పరీక్షలో తాలూకా మొత్తానికి మొదట వచ్చినవాణ్ణి. మా ఊరి నుంచి సర్కారు నౌకరీ ఎక్కిన మొదటివాణ్ణి. నాంపల్లిలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా దిగాను. ముప్పై నాలుగేళ్లలో ఒక్క మెమో లేదు. బస్తీ సంఘానికి మూడుసార్లు అధ్యక్షుణ్ణి, మూడుసార్లూ పోటీ లేకుండా. బీరువాలో సన్మానపు శాలువాలు పద్దెనిమిది. గట్టయ్య సారు అంటే మా గల్లీలో ఎవరైనా ఇల్లు చూపిస్తారు.

రత్నాకర్ మా అక్క కొడుకు. పదో తరగతి తప్పి పట్నం వస్తే, మొజంజాహీ మార్కెట్ వెనక పెండ్లి బ్యాండు దుకాణంలో నేనే పెట్టించాను. క్లారినెట్ పట్టుకున్నాడు. ముప్పై దాటేసరికి ఆ బ్యాండుకు మాస్టరైనాడు, జరీ భుజాల ఎర్ర కోటుతో.

బరాత్‌కు, అంటే పెండ్లి ఊరేగింపుకు, వాయించే బ్యాండుకు ఒక కట్టుబాటు ఉంది. పెండ్లివారి పెద్దమనిషి చెయ్యి పైకి లేపితే పాట ఎక్కడుంటే అక్కడ ఆగాలి. ఎదురుగా అంబులెన్సు రావచ్చు, గుర్రం బెదరవచ్చు, దర్గా ముందుకు చేరి ఉండవచ్చు. కారణం అడగొద్దు. కొత్తగా చేరినవాళ్లకు రత్నాకర్ పాటల కంటే ముందు ఇదే నేర్పేవాడు. "పెద్దమనిషి చెయ్యి లేస్తే మీ ఊపిరి ఆగాలె" అనేవాడు. నా కొడుకు బరాత్‌లో, ఖైరతాబాద్ చౌరస్తాలో నేను చెయ్యి లేపితే డోలు కర్ర గాలిలోనే నిలిచిపోయింది. మా వియ్యంకుడు నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

రత్నాకర్‌కు నలభై ఆరేళ్లప్పుడు ఆబిడ్స్‌లో ఒక చర్చిలో క్రిస్మస్ కచేరీకి క్లారినెట్ మనిషి తక్కువై ఇతణ్ణి పిలిచారు. అక్కడ వామన్‌రావు గారనే పెద్దాయన, రిటైరైన వయొలిన్ విద్వాంసుడు, నలభై మంది ముందు చిన్న పుల్ల పట్టుకుని నిలబడ్డాడట. ఇతను తెల్లారి మా ఇంటికొచ్చి, చాయ్ చల్లారిపోతున్నా తాగకుండా చెప్పాడు.

"మామా, ఆయన ఏం వాయిస్తలేడు. గని ఆయన చెయ్యి కదిలితేనే అందరు ఊపిరి తీసుకుంటున్నరు. నేను గా పని నేర్చుకుంట."

అతని భార్య నర్మద పక్కనే ఉంది. "కండక్టరైతడట మామా. ఏ డిపోల ఇస్తున్నరో అడుగు జర" అన్నది. అందరం నవ్వాము. మళ్లీ ఆమె ఆ మాట మీద నవ్వగా నేను చూడలేదు.

మూడేళ్లు వామన్‌రావు గారి మేడగదికి తిరిగాడు. ఆ వయసులో గీతల మీద చుక్కలు చదవడం, పలక పట్టిన పిల్లవాడిలాగా. కోఠి బస్‌స్టాపులో నిలబడి తనలో తాను చేతులు ఊపుతుంటే జనం పక్కకు జరిగేవారు. వాయించేవాడి చెవి తన వాద్యం దగ్గరే ఆగిపోతుందని గురువు అంటే, క్లారినెట్ పెట్టెలో పెట్టి తాళం వేశాడు. నర్మద కోఠిలో బట్టల దుకాణంలో పనికి కుదిరింది.

అప్పుడొక సాంస్కృతిక సంస్థ నగరానికి ఆర్కెస్ట్రా పెడతామని, కండక్టరు కావాలని ప్రకటించింది. వయసు యాభై దాటరాదు. వాద్యగాళ్లను ఎవరికి వారే తెచ్చుకోవాలి. ఒక్కసారే అవకాశం, మళ్లీ మొదలుపెట్టనివ్వరు. రత్నాకర్‌కు నలభై తొమ్మిది నిండాయి. ఇది పోతే ఇంకొకటి లేదని అతనికీ తెలుసు, మాకూ తెలుసు.

వయొలిన్లవాళ్లు ఆరుగురిని వామన్‌రావు గారు ఇప్పించారు. మిగతా అంతా తన పెండ్లి బ్యాండే. చెవితో తప్ప కాగితంతో పనిలేని పదకొండు మందికి ఎనిమిది నెలల ఆదివారాలు దుకాణంలో కూచోబెట్టి నేర్పాడు. ట్రంపెట్ బబ్లూ అయితే కాగితం చూసి పాడే స్థాయికి వచ్చాడు.

సంస్థవాళ్ల ఎంపిక రోజు. నాంపల్లిలో హాలు. ఆదివారం పొద్దున. అప్పటికున్న పదిహేడు శాలువాల్లో మంచిది తీసి కప్పుకున్నాను, సంఘం సభ్యులు ఆరుగురిని వెంటబెట్టుకుని ముందు వరసలో కూచున్నాను. రత్నాకర్ మాకు వీపు చేసి, తనవాళ్లకు ఎదురుగా నిలబడ్డాడు. చెయ్యి దించాడు. మొదలైంది.

నాకు ఆ సంగీతం తెలియదు. కానీ నాలుగో నిమిషంలో వయొలిన్లు కిందికి పోయి, బ్యాండులో ఇప్పుడు రత్నాకర్ చోట వాయిస్తున్నవాడి క్లారినెట్ ఒక్కటే పైకి వస్తుంటే, పదో తరగతి తప్పిన పోరడు నా కళ్ల ముందుకొచ్చాడు. వీడు నా మేనల్లుడని వెనకవాళ్లందరికీ తెలియాలనిపించింది. శాలువా సర్దుకుని, ఆశీర్వదిస్తున్నట్టు, కుడిచెయ్యి పైకి లేపాను.

బ్యాండు ఆగిపోయింది.

పదకొండు మంది ఒక్కసారే. వయొలిన్లు ఇంకో రెండు ముక్కలు పోయి అవీ ఆగాయి. రత్నాకర్ చెయ్యి మాత్రం ఇంకా కదులుతూనే ఉంది.

"ఏమైంది రా బబ్లూ?" అన్నాడు, మెల్లగా.

బబ్లూ నన్ను చూశాడు. అప్పటికి నా చెయ్యి ఒళ్లో ఉంది. వాడు తల వంచుకుని, "నీ చెయ్యే గట్ల లేసిందన్నా. ఆపమన్నవనుకున్నం" అన్నాడు.

నా మర్యాద కాపాడాడు. ఎన్ని సభల్లో మాట్లాడానో నేను. ఆ రోజు 'ఆ చెయ్యి నాది' అని ఒక్క మాట లేచి చెప్పవలసింది. సంస్థ కమిటీవాళ్లు కాగితం మీద ఏదో రాసి తర్వాతి మనిషిని పిలిచేదాకా నేను కూచునే ఉన్నాను.

బయట పబ్లిక్ గార్డెన్స్‌లో రత్నాకర్ బెంచీ మీద కూచుని తన కుడిచెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు. "ఇది ఎప్పుడు లేసిందో నాకే ఎరుకలేదు మామా. మూడేండ్లు నేర్పినా ఇది నా మాట వినలే" అన్నాడు.

నేనేమన్నానో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "వయసైంది బిడ్డా, ఫికర్ చెయ్యకు" అన్నాను.

వామన్‌రావు గారు రెండుసార్లు కబురు చేస్తే, చెయ్యి బాగాలేదని చెప్పి పంపాడు. క్లారినెట్ పెట్టె తెరిచాడు గానీ పెదవి పట్టు పోయింది. దుకాణంవాళ్లు కాదనలేక లైట్ల బండి పక్కన నడిచే పని ఇచ్చారు. ఆ చెయ్యి నాదని చెబుదామని రెండుసార్లు వాళ్లింటికి పోయాను. పద్దెనిమిదో శాలువా సంగతి చెప్పి, చాయ్ తాగి వచ్చాను.

మొన్న సాయంత్రం నాంపల్లి రోడ్డు మీద బరాత్ వచ్చింది. లైట్ల బండి పక్కన రత్నాకర్. నన్ను చూసి నవ్వాడు. పలకరిద్దామని చెయ్యి సగం లేపాను. ముందు నడుస్తున్న బబ్లూ, పెదవుల మీద ట్రంపెట్ అట్లాగే ఉంచి, నా చేతినే చూస్తున్నాడు.

దించేశాను. పాట ఆగలేదు. బండి నన్ను దాటి పోయింది.