తల వాల్చిన బిడ్డ

ఆళ్లగడ్డలో నంద్యాల బస్సెక్కితే నా పక్క సీట్లో ఒక అవ్వ, ఏడాది కూడా నిండని మనవణ్ని ఒళ్లో పెట్టుకొని కూర్చోనుంది. వాడు ఉన్నట్టుండి తల ముందుకు వాల్చి, రెండు చేతులూ దగ్గరికి తెచ్చినాడు. కాసేపటికి మళ్లీ అట్లే చేసినాడు.

"మనవడు భలే ప్రార్థన చేస్తాండాడే అవ్వా," అన్నాను. మాది ఆదివారం చర్చికి పోయే ఇల్లు.

అవ్వ నవ్వలేదు. సెల్లు తీసి వాణ్ని వీడియో తీసింది.

"ప్రార్థన కాదు నాయనా, ఫిట్స్. డాక్టరుకు చూపించేదానికి తీస్తాండా. మేమూ నీ మాదిరే అనుకుంటిమి. వీడియో తీసి చర్చిలో అందరికీ చూపిస్తిమి. ఇంకా బేగా ఆసుపత్రికి తెచ్చింటే మందు బాగా పని చేసేదంట. డాక్టర్లు ఈ జబ్బు మీద పరిశోధన చేస్తాండారంట. మేం మొదట తీసిన వీడియో కావాలన్నారు."

"ఇచ్చినావా?"

"ఇచ్చినా. దాంట్లో నా గొంతే వినిపిస్తాది, ఆమెన్, ఆమెన్ అని."

మామూలుగానే చెప్పింది. చెంగుతో వాడి మూతి తుడిచింది.

ఇప్పుడు చర్చిలో అందరూ తలలు వంచినప్పుడు నేను కళ్లు మూసుకోను. తల్లుల ఒళ్లల్లో ఉన్న పిల్లల్ని చూస్తుంటాను.