సగం ఈతకే విజయోత్సవం

ఈతకెళ్లి మనుషులు మునిగిపోవడం మీరు వినే ఉంటారు. మనిషి క్షేమంగా ఒడ్డెక్కి, పరువు మాత్రం మునిగిపోయిన వైనం చెబుతాను, వినండి.

ఇవాళ నన్ను ఛాంపియన్ అంటున్నారు గానీ, పదహారేళ్లప్పుడు నా అంత మూర్ఖురాలు విశాఖపట్నం మొత్తం వెతికినా దొరికేది కాదు. రాష్ట్ర పోటీలు మా ఊళ్లోనే పెట్టారు. పొద్దున్న వంద మీటర్లు, అంటే కొలనులో అటు ఒకటి, ఇటు ఒకటి, రెండు లెంగ్తులు, గెలిచాను. అంతే, నా తల టోపీలో పట్టడం మానేసింది. మధ్యాహ్నం రెండువందల మీటర్లు. అది గెలిస్తేనే జాతీయ పోటీలకి పిలుపు.

మా కోచ్ రాజారావు మాస్టారు పరిగెత్తుకొచ్చారు.

"ఇది నాలుగు లెంగ్తులమ్మా. లెక్కెట్టుకో. పొద్దుటిలాగ ఊపిరంతా ఒక్కసారే ఊదీకు."

"నా దరిదాపులకి ఎవులొత్తారు మాస్టారూ, లెక్కెట్టుకోడానికి?"

చూశారా వినయం!

దూకాను. వెనక మొసలి తరుముతున్నట్టు ఈదాను. రెండో లెంగ్తు చివర గోడ తాకి చూస్తే పక్కన ఒక్కరూ లేరు. ఇంకేముంది! టోపీ పీకి గాల్లోకి విసిరాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఒడ్డెక్కి, ఓట్లడిగే అభ్యర్థిలా జనానికి దణ్ణాలు పెట్టాను. జనం కూడా తక్కువ తినలేదు, చప్పట్లు కొట్టారు.

గ్యాలరీలోంచి మా అమ్మ అరిచింది. "ఏటే, మద్దిలో ఎక్కీసినావు? కాలు పట్టీసిందేటి?"

"గెలిసీసేనమ్మా!"

ఇంతలో పక్క లేన్‌లో విజయవాడ పిల్ల గోడ తాకి, గిర్రున తిరిగి వెళ్లిపోయింది. పాపం, అయోమయంలో ఉందనుకున్నాను. పెద్దమనసుతో రిఫరీ దగ్గరికెళ్లాను.

"సార్, ఆ పిల్లకి సెప్పండి, రేసు అయిపోనాదని."

ఆయన కళ్లజోడు తీసి నన్ను ఎగాదిగా చూశారు. "అయిపోనాది నీకేనమ్మా. ఆలకింకా రెండు లెంగ్తులున్నాయి."

బుద్ధున్నవాళ్లయితే తువ్వాలు కప్పుకుని ఇంటికెళ్లిపోతారు. నేను మళ్లీ దూకాను! పందెంలో ఒడ్డెక్కినవాళ్లు మళ్లీ దిగకూడదని ఈతకొచ్చిన మొదటివారమే చెబుతారు. రిఫరీ విజిల్ ఊదుతున్నారు, మాస్టారు నెత్తి బాదుకుంటున్నారు, నేను వీరావేశంతో ఈదుతూనే ఉన్నాను.

పందెంలోంచి నన్ను తీసేశారు. జాతీయ పోటీల పిలుపు విజయవాడ పిల్లకి వెళ్లింది. బట్టలు మార్చుకునే గదిలో కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తుంటే అమ్మ వచ్చి పక్కన కూలబడింది.

"ఊరుకోయే. నెగ్గిన పిల్లకి కూడా నీకు కొట్టినన్ని సప్పట్లు కొట్టనేదు."

ఆ క్షణమే, తడిబట్టల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట కొలనులో నీళ్లన్నీ తోడించి, వాచ్‌మన్ గేటుకి తాళం వేసి, సైకిలెక్కి వీధి మలుపు తిరిగేదాకా, గెలిచానని ఎవరొచ్చి చెప్పినా సరే, చెయ్యెత్తేది లేదు!