కేన్సరు కాదన్న సంబరం

పంతొమ్మిదివందల డెబ్బైల చివర్లో నా ఎడమ దవడ మీద ఉసిరికాయంత గడ్డ లేచింది. నొప్పీ గిప్పీ లేదు. పి.గన్నవరంలో పిల్లలకి పాఠాలు చెప్పుకుంటున్న రోజులవి. పళ్ళు పీకే ఆయన ఒక పన్ను పీకి చూశాడు, తగ్గలేదు. పక్కదీ పీకాడు. మూడోదాని జోలికి వస్తుంటే నేనే కుర్చీలోంచి లేచి వచ్చేశాను.

మా ఇంటికి పెద్ద దిక్కు మావయ్య, అమ్మకి అన్నగారు. వేదం చదువుకున్నారు కనక వైద్యమూ తెలుసని ఆయన నమ్మకం. కాకినాడ పెద్దాసుపత్రి మాటెత్తితే, "ముక్క తీసి పరీక్షకి పంపుతారటండీ! కత్తి తగిలితే పాకిపోదుటండీ?" అని అందరినీ హడలగొట్టి, ఏడాది పాటు నా దవడకి పసుపూ సున్నం పట్టించారు. చివరికి విసిగిపోయి, తోటి టీచరమ్మని వెంటబెట్టుకుని కాకినాడ బస్సెక్కాను.

ఎక్స్‌రేలో ఎముక సబ్బు నురగలా ఉంది. ముక్క తీసి పరీక్ష చేయించాక డాక్టరు, "కేన్సరు కాదమ్మా. కానీ ఎముకని లోపల్నించి గుల్ల చేసేస్తోంది. ఆలస్యం చేస్తే దవడే పోతుంది. ఇంట్లో పెద్దవాళ్ళ చేత సంతకం పెట్టించుకురా" అన్నాడు.

మావయ్య మొదటి మాట ఒక్కటే విన్నారు. "కేన్సరు కాదుటండీ!" అని వీధంతా చాటి, వినాయకుడికి నూట ఎనిమిది కొబ్బరికాయలు మొక్కేశారు. సంతకం మాటెత్తితే, "కాదన్నాక ఇంకా కోతేవిటే? మొహం చెక్కించుకోవాలని సరదాగా ఉందా?" అని కసిరారు. మొక్కుకి మంచిరోజు కుదరడానికి మూడు నెలలు పట్టింది. అది తీరేదాకా కత్తి పేరెత్తడం అపచారమట. గడ్డకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, దాని పని అది చేసుకుపోయింది.

మొక్కు తీరింది. చుట్టాలంతా చూస్తుండగా మావయ్య నా చేతిలో కొబ్బరి ముక్క పెట్టారు.

"నవలలేను మావయ్యా."

"ప్రసాదమే! కళ్ళకద్దుకుని నోట్లో వేసుకో."

వేసుకున్నాను. కుడి పక్కనే కొరికాను. ఠక్కుమంది. కొబ్బరి విరగలేదు, నా ఎడమ దవడ విరిగింది. ఒళ్ళు తెలియనంత నొప్పి, అంతకు రెట్టింపు కోపం.

అప్పుడు పెట్టారు సంతకం. డాక్టరు ఎడమ పక్క దవడ ఎముకంతా తీసేశాడు. "మూడు నెలల ముందు తీసుకొస్తే గడ్డ వరకూ తీసి ఎముక నిలబెట్టేవాణ్ణి" అని మావయ్య మొహం మీదే అన్నాడు.

"ఆయ్, అంతా దైవేచ్ఛండీ," అన్నారు మావయ్య వినయంగా.

మిగిలిన పళ్ళు తీగతో బిగించి కట్టేసి ఉండబట్టి ఊరుకున్నాను. లేకపోతే అక్కడే అడిగేసేదాన్ని: మావయ్యా, సంతకం పెట్టనన్నది దేవుడా, మీరా?