పెడల్ ఎవరు తొక్కారు?

ఉదయం ఆరూ ఇరవైకి తెనాలి స్టేషన్‌లో బాపట్లకు రెండు టిక్కెట్లు తీసుకున్నాను. ఒకటి నాకు, ఒకటి మా ఆవిడ సుగుణకు. పాత దినపత్రికలో చుట్టి చేతిసంచిలో పెట్టుకున్న మాస్టర్ సిలిండరుకు టిక్కెట్టు అక్కర్లేదు. కారులో బ్రేకు పెడల్ తొక్కగానే ఆయిలును నాలుగు చక్రాలకూ తోసేది అదే. దాన్ని చూపించడానికే ఈ ప్రయాణం.

ఇది తొంభైల మొదట్లో మాట. సెకండ్ హ్యాండులో కొన్న మా తెల్ల చిన్న కారుకు బ్రేకులు నేనే బాగుచేశాను. హైస్కూల్లో సైన్సు మాస్టారిని కదా, ఆ మాత్రం చేతకాదా అని ధీమా. ముందు చక్రాల దగ్గర బ్రేకు పళ్ళాన్ని పట్టి నొక్కే క్యాలిపర్లు రెండూ విప్పి, కడిగి, ముచ్చటపడి వెండిరంగు కూడా వేశాను. కొత్త ప్యాడ్లు బిగించాను. ఇక గొట్టాల్లో చేరిన గాలి తీయాలి. ఆ పనికి ఇద్దరుండాలి. ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు చక్రం దగ్గర నిపుల్ అనే చిన్న మరను వదులుచేసి గాలిని బయటికి పంపి మళ్ళీ బిగించాలి. లోపల కూర్చుని తొక్కింది సుగుణ.

రెండు డబ్బాల ఆయిలు అయిపోయింది. పెడల్ మాత్రం నానిన అటుకుల మూట మీద కాలేసినట్టు మెత్తగా దిగిపోతూనే ఉంది. సుగుణను పక్కన కూర్చోబెట్టుకుని వీధి చివరిదాకా మెల్లగా నడిపి చూశాను. కారు ఆగిందనుకోండి. కాకపోతే ఎవరో ఇల్లు కట్టుకోడానికి పోయించిన ఇసక కుప్ప ఆపింది.

"నువ్వు సరిగ్గా తొక్కలేదు" అన్నాను, దిగుతూ. అనకూడని మాట. సుగుణ ఇంట్లో జాకెట్లు కుడుతుంది, పొద్దస్తమానం మిషను తొక్కే మనిషి.

"తొక్కడం నాకు మీరు నేర్పుతారా? తప్పెవరిదో తేలేదాకా నేనీ కారెక్కను" అంది. అన్నదంటే అన్నట్టే.

ఆ ఆదివారమే కొల్లిపరలో ఆమె తమ్ముడి కొడుక్కి అన్నప్రాసన. కారులో వస్తామని వారం ముందే కబురు పంపేశాం. సిలిండరే చెడిందేమోనని విప్పి, బాపట్లలో మంచి మెకానిక్ ఉన్నాడని విని, ముందురోజు రెండో శనివారం స్కూలుకు సెలవు కావడంతో నేను బయల్దేరుతుంటే, తనూ చీర మార్చుకుని వచ్చింది. "ఆయన్నే అడుగుదాం పదండి" అంది. అంటే నాతో పాటు ఫిర్యాదీ కూడా ప్రయాణం కట్టిందన్నమాట.

ప్యాసింజరు ఆరూ నలభైకి కదిలింది. కిటికీ పక్క సీటు దొరికింది, కానీ సుగుణ ఎదురు వరసలో కూర్చుంది. చుండూరు దాటాక సంచి అడుగు తడిసింది. నా పక్కన కూర్చున్న పెద్దాయన పంచె సర్దుకుని, "ఏంటి బాబూ కారుతోంది, ఆవకాయా?" అన్నాడు. జరిగింది చెప్పాను. ఆయన శ్రద్ధగా విని ఒకే ఒక ప్రశ్న వేశాడు.

"పెడల్ ఎవరు తొక్కారు?"

"మా ఆవిడండి."

"అదీ సంగతి!" అన్నాడు, రోగం దొరికిన వైద్యుడిలా. సుగుణ కిటికీలోంచి నిడుబ్రోలు దాకా బయటికే చూసింది.

ఎనిమిదింటికల్లా బాపట్లలో దిగాం. స్టేషన్ బయట ఇడ్లీ, అల్లం పచ్చడి చాలా బాగున్నాయి. ఎవరైనా వెళ్తే తొమ్మిది లోపే తినండి, ఆ తర్వాత పచ్చడి పల్చబడుతుంది. మెకానిక్ మస్తాన్ గారి షెడ్డు అక్కడికి పది నిమిషాల నడక. ఆయన సిలిండరును బల్లకు బిగించి, కన్నాలకు వేళ్ళు అడ్డంపెట్టి, కమ్మీతో లోపలికి నొక్కి చూశాడు. మళ్ళీ నొక్కాడు.

"ఇది బంగారంలా ఉందండి మాస్టారూ. అనవసరంగా విప్పుకొచ్చారు. బండి చూడకుండా ఇంకేం చెప్పలేను గానీ, గాలి ఎక్కడో ఉండిపోయింది. పెడల్ ఎవరు తొక్కారు?"

నేను నోరు తెరిచేలోపే సుగుణ అందుకుంది. "నేనేనండి."

"అదీ సంగతి. మీరేం అనుకోకండమ్మా, అది మగాళ్ళ కాలు పని."

సుగుణ మొహం ఎర్రబడింది. మస్తాన్ గారికీ అది తెలిసినట్టుంది, గొంతు తగ్గించాడు. "ఓ పని చేయండి. రేపల్లెలో గ్రేసమ్మగారని రిటైరైన నర్సు ఉన్నారు. అచ్చం మీ కారే. నా దగ్గరికి సామాన్లు కొనడానికే వస్తారు, పనంతా ఆవిడే చేసుకుంటారు. ఒకసారి ఆ కారు చూసి రండి."

పదీ పావుకి రేపల్లె బస్సు ఎక్కాం. పిట్టలవానిపాలెం దాటాక రోడ్డుకు అటూ ఇటూ వరి పొట్ట మీదుంది, కాలవ నిండుగా పారుతోంది. పొద్దున బయల్దేరినప్పుడు నా పక్షం గెలవాలనుకున్నాను. ఇప్పుడు అసలు సంగతి తెలిస్తే చాలనిపిస్తోంది. చెరుకుపల్లిలో కండక్టరు కూడా సంచి చూసి కథంతా విన్నాడు. అదే ప్రశ్న. అదే జవాబు. "అదీ సంగతి" అని ఈల ఊదాడు. మూడోసారి నాకే సిగ్గేసింది. అయినా నోరు మెదపలేదు, అది నా తప్పు.

పన్నెండున్నరకు రేపల్లె. బస్టాండు దగ్గర మెస్సులో చేపల పులుసుతో భోజనం. పులుసు గురించి సుగుణ రెండు మాటలు మాట్లాడింది, అవి వడ్డించేవాడితో.

రెండింటికి గ్రేసమ్మగారి ఇల్లు పట్టుకున్నాం. అరవై దాటిన మనిషి, తెల్ల వాయిల్ చీర. వసారాలో మా కారుకు కవలలాంటి కారు ఉంది. సిలిండరు చూపించి అంతా చెప్పాను. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని అడిగింది: "పెడల్ ఎవరు తొక్కారు?"

సుగుణ ఈసారి తలెత్తలేదు. "మా ఆవిడండి" అన్నాను.

"రామ్మా, నా కారులో కూర్చుని తొక్కి చూపించు."

సుగుణ కూర్చుంది. చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుని, మిషను మీద పెట్టినట్టే నిదానంగా కాలు పెట్టి నొక్కింది. గ్రేసమ్మగారు చాలని చెప్పేదాకా కాలు వదల్లేదు.

"ఆయన నిపుల్ బిగించేదాకా ఇలాగే పట్టుకున్నావా?"

"పట్టుకున్నానండి. కాలు తిమ్మిరెక్కినా తియ్యలేదు."

"మరి ఈ తొక్కుడుకు వంకేముంది? మాస్టారూ, మీరు తొక్కండి."

తొక్కాను. పెడల్ రెండంగుళాలు దిగి ఆగిపోయింది. గడప మీద కాలేసినంత గట్టిగా ఉంది! కొన్నప్పటినుంచీ మా కారులో నేను బ్రేకు అనుకున్నది అసలు బ్రేకే కాదని ఆ క్షణంలో తెలిసింది. ఆనందం పట్టలేక ఇంకో పదిసార్లు తొక్కాను. "చాలు బాబూ, అరిగిపోతుంది" అందావిడ.

తర్వాత లోపలికి వెళ్ళి పాత గాజు సిరంజి తెచ్చింది. నీళ్ళు నింపి, కావాలనే కాస్త గాలి ఉంచి, సూది కిందికి పెట్టి నొక్కింది. నీళ్ళు కారాయి, బుడగ మాత్రం పైన కదలకుండా కూర్చుంది. తిప్పి, సూది పైకి పెట్టి నొక్కింది. బుడగ ముందు పోయింది, తర్వాతే నీళ్ళు చిమ్మాయి.

"ముప్పై ఏళ్ళు ఇదే పని చేశాను. గాలి పైకే పోతుంది. మీ కారులో నిపుల్ పైనుందా, కిందుందా?"

నాకు ఒక్కసారిగా కళ్ళముందు మెదిలింది. ఆ నిపుల్‌కు స్పానరు పెట్టడానికి నేను చెంప నేలకానించి పడుకున్నాను. ఆవిడ కారు చక్రం దగ్గర కూర్చుని తొంగి చూశాను. నిపుల్ క్యాలిపర్ నెత్తిమీద ఉంది.

"కిందండి!" అని అరిచాను. "కుడిది ఎడమకి, ఎడమది కుడికి బిగించేశాను! గుర్తులు రంగు కింద పోయాయి!"

"బ్రేకుకు రంగెందుకు మాస్టారూ, పెళ్ళిచూపులా?" అంది గ్రేసమ్మగారు. సుగుణ నవ్వింది. నాలుగు రోజుల తర్వాత నవ్వింది. తొమ్మిదో తరగతికి గాలి బుడగల పాఠం చెప్పేది నేనే అని అక్కడ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

నాలుగున్నర రైలుకు తిరుగుప్రయాణం. ఈసారి సుగుణ నా పక్కనే కూర్చుంది. భట్టిప్రోలులో ఎక్కిన దుగ్గిరాల పసుపు వ్యాపారి ఒకాయన సంచి చూసి ఆరా తీశాడు. మొదట్నుంచీ చెప్పుకొచ్చాను. నేననుకున్నట్టే అడిగాడు, పెడల్ ఎవరు తొక్కారని.

"మా ఆవిడండి. తను చక్కగా తొక్కింది. తప్పుగా బిగించింది నేను" అన్నాను, పెట్టెలో అందరికీ వినబడేలా.

ఆయన కిటికీలోంచి వేమూరు వచ్చిందా అని చూశాడు. సుగుణ స్టేషన్‌లో కొన్న జామకాయ చీల్చి సగం నాకిచ్చింది. ఈ ప్రయాణం మొత్తానికి, ఇడ్లీలు పులుసుతో సహా, ఇద్దరికీ వంద నోటు సరిపోయింది. అంత చవకగా నేను నేర్చుకున్న పాఠం ఇంకోటి లేదు.

ఆదివారం తెల్లవారగానే సిలిండరు పెట్టి, క్యాలిపర్లు అటుది ఇటూ ఇటుది అటూ మార్చాను. నిపుల్స్ పైకి చూశాయి. సుగుణ తొక్కింది, నేను వదిలాను. గొట్టంలోంచి బుడగలు బుడబుడమని వస్తుంటే ఇద్దరం పిల్లల్లా కేకలేశాం. పెడల్ గడపలా గట్టిపడింది. వీధిలో నాలుగుసార్లు ఆపి చూశాకే కొల్లిపర వెళ్ళాం, మేనల్లుడి నోట్లో పాయసం పెట్టాం.

సాయంత్రం కాలవగట్టు మీద తిరిగొస్తుంటే మలుపులో గేదెల మంద అడ్డొచ్చింది. బ్రేకు తొక్కాను. కారు ఎవరో పట్టుకున్నట్టు ఆగింది. ముందున్న గేదె మావంక ఓసారి చూసి తీరిగ్గా దాటిపోయింది.

సుగుణ ఒళ్ళోంచి జారిన సంచి సర్దుకుని, చాలా మామూలుగా అడిగింది: "పెడల్ ఎవరు తొక్కారండీ?"

"ఇప్పుడు నేను," అన్నాను. "పొద్దున నువ్వు తొక్కబట్టి."