ప్రేమదాసు బిగించిన క్లచ్

దాచేపల్లి రోడ్డు మీద ప్రేమదాసు షెడ్డుకి బోర్డు లేదు, ఆ అవసరమూ లేదు. పాతికేళ్ళుగా జీపుల కింద పడుకుని బతికిన మనిషి. నోరు మెత్తన, పని గట్టి. అలాంటివాడి మీదకి రెండువేల రెండు మార్చిలో మిరపకాయల వ్యాపారి సీతారామాంజనేయులు తన జీపు దిగి ఇనప రాడ్డు పట్టుకుని వచ్చాడు.

నాలుగు రోజుల కిందటే ఆయన జీపుకి ప్రేమదాసు కొత్త క్లచ్ వేశాడు. కంపెనీది కాదు, బజార్లో దొరికే రకం. ఆ పొద్దున మిరపకాయల బస్తాలు ఎక్కించాలని గేరు వేస్తే, క్లచ్ తొక్కే ఉన్నా జీపు ముందుకు దూకింది. బంపరుకీ గోదాము గోడకీ మధ్య తమ్ముడు సురేంద్ర కాలు నుజ్జయింది.

"వాడి కాలు తీసేస్తారంటరా! నీ చెయ్యి మాత్రం ఎందుకు మిగలాలి?"

మొదటి దెబ్బకే ప్రేమదాసు ఎడమ మణికట్టు విరిగింది. రెండోది దవడ మీద పడింది. చుట్టూ ముప్ఫైమంది మూగారు. ఒక్కడూ అడ్డం రాలేదు, సిగ్గులేని జనం!

"చంపండి. కానీ ముందు బండి చూడనివ్వండి," అన్నాడు ప్రేమదాసు నెత్తురు ఉమ్మి.

తలుపు తీసి చూస్తే క్లచ్ పెడల్ కింద నాలుగు మడతల గోనెసంచి.

"ఇదెవరు వేశారండీ?"

"నేనే, ఇవాళ పొద్దున. కాలి కింద రేకు వేడెక్కి చురుక్కుమంటోంది. ఎప్పుడూ వేసేదేగా!"

"పాత క్లచ్ అరిగిపోయి సగం తొక్కితేనే ఇంజను నుంచి చక్రాల్ని విడిచేది. కొత్తది అడుగంటా తొక్కాలి. సంచి అడ్డమొస్తే విడవదండీ."

"తప్పు నామీదకి తోస్తావురా?"

ప్రేమదాసు సంచి లాగేసి, వెళ్ళి ముందు చక్రాలకి అడ్డంగా పడుకున్నాడు. "క్లచ్ పూర్తిగా తొక్కి గేరు వేయండి."

సీతారామాంజనేయులు ఎక్కి కూర్చున్నాడు. ఇంజను గర్జించింది. గేరు పడింది. జీపు అంగుళం కదల్లేదు.

"ఇప్పుడు సంచి మళ్ళీ వేసి తొక్కండి. నేను లేవను."

సీతారామాంజనేయులు సంచి చేతిలోకి తీసుకున్నాడు. వేయలేకపోయాడు. ఇంజను ఆపి కిందికి దిగాడు. రాడ్డు ఎత్తి తన ఎడమ పాదాన్నే బాదుకున్నాడు. చెప్పు తెగింది, వేళ్ళు చితికాయి. అయినా ఆగకుండా మళ్ళీ ఎత్తాడు.

ప్రేమదాసు లేచి, విరిగిన చెయ్యి వేలాడుతుండగానే రెండో చేత్తో రాడ్డు పట్టేసుకున్నాడు.

"మీ ఇంట్లో ఒక కాలు పోయింది చాలదా అండీ!"